చచ్చిన మిషన్లు కుట్టిన నిక్కర్లు

కిందటి మే నెలలో నేను ఆరు మృతదేహాలకు నూనె వేస్తూ అధికారులకు పట్టుబడ్డాను. ఊళ్ళో ఈ సంగతి తలో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తే మంచిదనిపించింది.

నా పేరు వన్నూరప్ప. మా ఊరు బళ్ళారికి గంట దారి. సందుకొక జీన్సు ప్యాంట్ల షెడ్డు ఉన్న ఊరు. నా పని పాత కుట్టుమిషన్లు కొని, బాగుచేసి అమ్మడం. ఇళ్ళలో జాకెట్లు కుట్టుకునే కాలు తొక్కుడు మిషన్లు కావు. ఫ్యాక్టరీల్లో బారులు తీరి ఉంటాయే, బల్ల కింద మోటారు బిగించి, కాలు ఆనించగానే గజం గుడ్డను గుటుక్కున మింగేసేవి, అవి. బెంగుళూరులో ఏ ఫ్యాక్టరీ మూతపడ్డా వేలంపాట దగ్గర నేను హాజరు. దుమ్ము కొట్టుకుపోయి, నూనె గడ్డకట్టి, చక్రం తిప్పినా కదలని మిషన్లను లారీకెత్తించుకొస్తాను. ఒక్కో ముక్కా విప్పి కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగిస్తాను.

అంతా అయ్యాక మా పనివాళ్ళకొక అలవాటుంది. చిన్న గుడ్డముక్క మీద నిలువునా ఒక కుట్టు వేసి, ఆ ముక్కను పాదం కింద అలాగే వదిలేస్తాం. పాదమంటే గుడ్డను పైనుంచి అదిమిపట్టే ఇనుపముక్క. దాని కింద గుడ్డను ముందుకు లాగే పళ్ళుంటాయి. నడుమ గుడ్డ లేకపోతే ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని రెండూ పాడవుతాయి. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే నెత్తిన మొట్టి చెప్పిన పాఠమిది. నలభై ఏళ్ళుగా నా చెయ్యి నన్నడక్కుండానే ఆ పని చేసేస్తుంది. తర్వాత జరిగిన గోలకంతా ఆ చెయ్యే కారణం.

మార్చిలో తెచ్చిన ఆరు మిషన్లను బాగుచేసి పెట్టుకుంటే చూడడానికి తిప్పమ్మ వచ్చింది. ఆమె పదకొండేళ్ళు బెంగుళూరు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి, అది మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చిన మనిషి. వరసగా చూసుకుంటూ పోయి నాలుగో మిషను దగ్గర ఆగిపోయింది. దాని వెనకవైపు ఎర్ర గోళ్ళరంగుతో పెట్టిన మూడు చుక్కలున్నాయి.

"ఇవి నేను పెట్టిన చుక్కలే వన్నూరన్నా. వేరే అమ్మాయి కూచోకుండా గుర్తు పెట్టుకున్నా. సూపర్‌వైజరు తిట్టినాడు గూడా" అంది.

ఆ మిషను తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆమెకు. బేరం ఆడటం ఇద్దరమూ మరిచిపోయాం.

తిప్పమ్మ ఆరు మిషన్లూ తీసుకుని, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళను కూడగట్టుకుని షెడ్డు పెట్టింది. ఊరి చివర హాస్టలు పిల్లలు నూట ఇరవై మందికి తలా రెండు నిక్కర్లు కుట్టే పని దొరికించుకుంది. జూన్ పన్నెండున హాస్టలు తెరుస్తారు. ఆ పొద్దుటికి నిక్కర్లు అందితే ఏడాది పొడుగునా పని వాళ్ళకే. అందకపోతే పని బళ్ళారి కాంట్రాక్టరుకు పోతుంది, ఆరుగురూ పిల్లల్ని ఇక్కడ వదిలి మళ్ళీ బెంగుళూరు బస్సెక్కాలి.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి పాత సామాన్ల మీద ప్రేమ పుట్టింది. వాడి పారేసిన ప్రతి వస్తువునూ మళ్ళీ వాడాలని ఎక్కడో పెద్ద సభలో ఎవరో సెలవిచ్చారట. నెల తిరక్కుండా 'పాత యంత్రాల పునర్జన్మ మండలి' వెలిసింది. పదేళ్ళు దాటిన ఏ యంత్రమైనా పునర్జన్మ పత్రం లేకుండా తిరగకూడదని ఉత్తర్వు వచ్చింది. మా ఊరికొక ప్రాంతీయ పునర్జన్మాధికారి కూడా వచ్చాడు, నిటలాక్షరావు గారని.

నిటలాక్షరావు గారు చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, గొంతెత్తడు, వేళకు ఆఫీసుకొస్తాడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా, ఉత్తర్వుల్లో రాసిన ప్రతి అక్షరాన్నీ నమ్మేస్తాడు.

తిప్పమ్మకు అమ్మిన ఆరు మిషన్ల పత్రాల కోసం నేను వెళితే కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు.

"వన్నూరప్ప గారూ, ఏడవ నిబంధన ప్రకారము, పునర్జన్మ కోరు యంత్రము పూర్వమందు విధిగా మరణించి యుండవలెను. మరణ ధ్రువీకరణ సమర్పించండి."

"అవి సావలేదు సార్. మూలన పడుండె. నేను బాగుచేసినా."

"మరణించకుండగనే పునర్జన్మ ఇచ్చితిరా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది మా దృష్టికి వచ్చిన మొదటి ఉదంతము."

గుమాస్తా ఎర్రిస్వామి మా ఊరివాడే. నన్ను వరండాలోకి లాక్కొచ్చాడు. "ఎందుకన్నా ఆయప్పతో వాదన? సచ్చిపోయినాయని రాసిచ్చేయ్. మల్ల పుట్టినాయని నేను రాసిస్తా. వారంలో పనైపోతాది."

ఫారం తెచ్చాడు. మనుషుల చావులు నమోదు చేసే ఫారాన్ని చూసి దించినట్టుంది అది. స్త్రీయా పురుషుడా, తండ్రి లేక భర్త పేరు, మరణకారణం, చివరిసారి ఆహారం తీసుకున్న తేదీ. ఏ గడీ ఖాళీగా ఉంచరాదని అడుగున అచ్చేశారు. కుట్టుమిషను కాబట్టి స్త్రీ అని రాశాం. భర్త పేరు దగ్గర కాసేపు తలలు గోక్కుని 'మోటారు' అని రాశాం. మరణకారణం 'ఫ్యాక్టరీ మూతపడిన దిగులు' అని ఎర్రిస్వామే చెప్పాడు. వారసురాలిగా సంతకం పెట్టడానికి తిప్పమ్మను పిలిపించాం.

"నాలుగో మృతురాలితో నీకేం సంబంధమక్కా?" అని అడిగాడు ఎర్రిస్వామి.

"పదకొండేండ్లు దినామూ దాని ముందరే కూచున్నా. మా ఇంటాయన ముందర గూడా అంతసేపు కూచోలేదు. ఏం సంబంధమో నువ్వే రాసుకో స్వామీ."

ఎర్రిస్వామి 'ఆప్తురాలు' అని రాసుకున్నాడు.

పంచనామా గురువారమన్నారు. బుధవారమే వచ్చేశారు. నేను షెడ్డులో మిషన్లకు నూనె వేస్తున్నాను. నిటలాక్షరావు గారు చెప్పులు బయట విడిచి, చావింటికి వచ్చినట్టు తల వంచుకుని లోపలికొచ్చాడు. మొదటి మిషను దగ్గర వంగి, పాదం కింది గుడ్డముక్కను రెండు వేళ్ళతో బయటకు లాగాడు.

"దీని మీద కుట్టున్నది."

"అవును సార్. మిషను బాగుందా లేదా అని సూసేకి వేసినా."

"ఎప్పుడు?"

"ఈ పొద్దే" అని నాలుక కరుచుకున్నాను.

మిగతా ఐదింటి కిందా గుడ్డముక్కలు దొరికాయి. ఆయన చెబుతూ ఉంటే ఎర్రిస్వామి తల ఎత్తకుండా రాశాడు. "మరణించినట్లు చెప్పబడిన తేదీకి నలభై ఆరు దినముల అనంతరము మృతురాండ్రు ఎర్రదారముతో కుట్టినట్లు సాక్ష్యము లభించినది. కావున మరణములు సందేహాస్పదములు. విషయము తేలు వరకు మోటార్లకు ముద్ర వేయడమైనది."

తిప్పమ్మ అడ్డంగా నిలబడింది. "ఎందుకు సార్ ముద్ర? బాగా పనిచేస్తాండాయి కదా!"

"పనిచేయుచున్నవి కనుకనే తల్లీ" అన్నాడాయన ఎంతో దయగా.

ఆ వారమంతా నేను కాళ్ళకు బలపం కట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగితే రెండో పంచనామాకు ఒప్పుకున్నారు. ముందురోజే గుడ్డముక్కలన్నీ తీసి జేబులో పెట్టుకున్నాను. "అన్నా, నీ చేతులు రొండూ ఎనక్కి కట్టుకో" అని తిప్పమ్మ హెచ్చరించింది కూడా. కట్టుకున్నాను. నిటలాక్షరావు గారు మొదటి మూడూ చూసి "మృతి" అన్నాడు. నాలుగో మిషను దగ్గరికి వెళ్ళబోతూ దారిలో తుమ్మాడు, జేబురుమాలు కోసం ఆగాడు. ఆ అరనిమిషం నేను ఆ మిషను పక్కన ఉన్నాను. పళ్ళ మీద బోడిగా పడున్న పాదాన్ని చూశాను. నాకు తెలిసింది అంతే. ఆయన తిరిగి చూసేసరికి దాని కింద ఎర్రకుట్టు ముక్క ఒకటి ఉంది, నా చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

తిప్పమ్మ నన్ను చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను.

ఐదింటికి మరణపత్రాలు వచ్చాయి. నాలుగోదానికి తాఖీదు వచ్చింది. 'సదరు యంత్రమునందు శేషజీవము గలదని గమనించడమైనది. సదరు జీవమును మూడు దినములలో తొలగించి నివేదించవలెను. సమ్మెట కార్యాలయము నుండి సరఫరా చేయబడును.'

సమ్మెట నిజంగానే వచ్చింది, పద్దు పుస్తకంలో సంతకం తీసుకుని మరీ ఇచ్చారు. తిప్పమ్మ మిషనును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. "నా మిషను మీద దెబ్బ పడిందా, నేను మనిషిని కాను" అంది. ఇంతకాలం మిషన్లకు ప్రాణం పోసి బతికినవాణ్ణి, సమ్మెట ఎత్తే చెయ్యి కాదు నాది.

నిటలాక్షరావు గారు చూడడానికి వచ్చే ముందు మిషనుకున్న సూది తీసి నా చొక్కా జేబుకు గుచ్చుకున్నాను. ఆయన గుడ్డ పెట్టి, చక్రం తిప్పాడు. కుట్టు పడలేదు. ఇంకోసారి తిప్పాడు. ఎర్రిస్వామి కూడా తిప్పాడు. సూది లేని మిషను కుట్టదన్న సంగతి ఆ మండలిలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

"ప్రశాంతముగా పోయినది" అన్నాడు నిటలాక్షరావు గారు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

ఆరు మరణాలూ ఖాయమయ్యాయి, ఇక పునర్జన్మే ఆలస్యమనుకున్నాం. ఎర్రిస్వామి నీళ్ళు నమిలాడు. మృతుల మీద ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి ముప్పై రోజుల గడువుందట. అది ముగిసేది జూన్ ఇరవైన.

తిప్పమ్మ అదంతా విని, కొంగు నడుముకు దోపింది. "ముద్ర దేని మీద ఏసినారన్నా?"

"మోటార్ల మీద."

"నీ అంగట్లో పాత మోటార్లు ఎన్నుండాయి?"

ఆ మధ్యాహ్నమే ముద్ర వేసిన మోటార్లను లక్కతో సహా భద్రంగా దించి గోడవారగా పెట్టాం. నా షాపులోవి ఆరు తెచ్చి బిగించాను. బెల్టులు వేశాను, సూది పెట్టాను. తిప్పమ్మ నాలుగో దాని ముందు కూర్చుని కాలు ఆనించింది. షెడ్డు గుయ్యిమంది. మిషను కదిలిన చప్పుడు వినడం నాకు కొత్త కాదు గానీ, ఆ రోజు మాత్రం ఒళ్ళు పులకరించింది.

వారం తిరక్కుండా నిటలాక్షరావు గారు తనిఖీకి వచ్చేశాడు. అప్పటికి దాచడానికి వేళ లేదు. ఆరు మిషన్లూ మోతెత్తిపోతున్నాయి, నిక్కర్ల గుట్ట నడుం దాకా లేచింది. ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎర్రిస్వామీ, ఈ ఆరింటి మరణమును ధ్రువీకరించినది ఎవరు?"

"తమరే సార్."

"నేను ధ్రువీకరించినచో, అవి మరణించినట్లేనా?"

"అంతే కదా సార్."

"అట్లయిన నాకు వినబడుచున్నది ఏమిటి?"

ఎర్రిస్వామి చెవి రిక్కించాడు. "నాకైతే ఏమీ వినపడ్ల్యా సార్."

నిటలాక్షరావు గారు తృప్తిగా తల ఊపి, నివేదిక అక్కడే రాయించాడు. 'ఆరు యంత్రములు మృతస్థితియందే యున్నవి. ఆరుగురు స్త్రీలు వాటి చెంత కూర్చుండి తలలు వంచి యున్నారు. సంతాపసూచకమని తోచుచున్నది.'

జూన్ పన్నెండు పొద్దునకు నిక్కర్లన్నీ హాస్టలుకు చేరాయి. హాస్టలు తెరిచే పండగనే మండలి వాళ్ళు తమ ప్రారంభోత్సవంగా కూడా పెట్టుకున్నారు. పెద్ద కమిషనరు గారు వచ్చారు. పిల్లలు కొత్త నీలం నిక్కర్లతో ముందు వరసల్లో నిలబడ్డారు. కమిషనరు ఒక పిల్లవాడి నిక్కరు అంచు పట్టి చూసి, "కుట్టు చాలా బాగుంది. ఎవరు కుట్టారు?" అన్నారు.

"నేనే సార్, మా షెడ్డులో" అని తిప్పమ్మ ముందుకొచ్చింది.

"ఏ మిషన్ల మీద?"

నిటలాక్షరావు గారు దస్త్రం తెరిచాడు. "ఆ షెడ్డునందలి ఆరు యంత్రములూ మృతిచెందినవి సార్. గడువు ఇరవైన ముగియును."

"చచ్చిన మిషన్లు ఎలా కుడతాయయ్యా?"

"కుట్టజాలవు సార్. కావున ఈ నిక్కర్లు కుట్టబడలేదు."

"అంటే ఇవి..."

"రికార్డు ప్రకారము లేవు సార్."

పత్రికలవాళ్ళు కెమెరాలెత్తారు. నిటలాక్షరావు గారు పరుగున వెళ్ళి చేతులడ్డం పెట్టాడు. "ఫోటోలు వద్దు! నూట ఇరవై మంది బాలురు రికార్డు ప్రకారము నిక్కర్లు లేకుండ నిలబడియున్నారు. ఇట్టి స్థితిలో బాలలను ఫోటో తీయుట నేరము!"

ముందు వరసలో ఒకడు లేని నిక్కరు లేని జేబులోంచి వేరుశెనగకాయలు తీసి ఒలుచుకుంటున్నాడు.

కమిషనరు గారి ముఖం మాడిపోయింది. ఫోటోలు లేకపోతే ప్రారంభోత్సవం జరిగినట్టు పైవాళ్ళకు రుజువు లేదు. నిటలాక్షరావు గారిని పక్కకు పిలిచారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, పది నిమిషాల్లో గడువు రద్దయింది. ఆరు మిషన్లూ మే ఇరవయ్యో తేదీనే మళ్ళీ పుట్టినట్టు వేదిక మీదే పత్రాలు తయారయ్యాయి. తిప్పమ్మకు దండవేసి చేతికిచ్చారు. నిక్కర్లు ఉనికిలోకి వచ్చాయి. కెమెరాలు మెరిశాయి. ఏడాది పని తిప్పమ్మకే అని ప్రకటించారు. ఆరుగురు ఆడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి నవ్వి మళ్ళీ ఏడ్చారు.

మర్నాడు ఎర్రిస్వామి షెడ్డుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో తాఖీదు.

"ఏమప్పా ఇంగా?" అంది తిప్పమ్మ.

"నీ మిషన్లు మే ఇరవైన పుట్టినాయి కదక్కా. ఈ పొద్దుకు ఇరవై నాలుగు దినాలు. పద్నాలుగేండ్లు నిండనోళ్ళతో పని చేయించేది నేరమంటాండాడు మా సారు."

నేను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాను. ఎర్రిస్వామి బిక్కమొహంతో తాఖీదు అటూ ఇటూ తిప్పాడు.

"ఒక దావ ఉండాదక్కా. బడికి పోయే పిల్లలు తల్లికి చేతిపనిలో సాయం చెయ్యొచ్చంట. కానీ ఈ పత్రాల్లో తల్లి పేరు గడి ఖాళీగా ఉండాది."

తిప్పమ్మ లేచి, నాలుగో మిషను వెనక మూడు చుక్కల మీద బొటనవేలు రుద్దింది.

"రాసుకో. ఆరింటికీ నేనే."

ఇక బడి. హాస్టలు పక్కన ప్రాథమిక పాఠశాలను పిల్లలు ఆరుగురు తక్కువయ్యారని ఎత్తేయబోతున్నారు. హెడ్మాస్టరు గారు మా మిషన్లను చూసి దేవుడే పంపాడన్నాడు. అదే రోజు ఒకటో తరగతిలో చేర్చుకుని, ఖాళీగా ఉన్న గది, అందులో రెండు ఫ్యాన్లు ఇచ్చాడు. కాలపట్టికలో రోజంతా చేతిపని వేశాడు. చిన్నపిల్లలను బడిలో ఒంటరిగా వదలకూడదు కాబట్టి తల్లినీ, ఐదుగురు పిన్నమ్మలనూ పక్కన కూర్చోనిచ్చాడు. మొత్తానికి అందరికీ న్యాయం జరిగింది, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

అర్ధసంవత్సర పరీక్షలకు నిటలాక్షరావు గారే తనిఖీకి వచ్చాడు. ఆయన పుట్టించిన పిల్లలు కదా, మమకారం ఉంటుంది. నాలుగో మిషను దగ్గర వంగి, పాదం కింది గుడ్డముక్కను రెండు వేళ్ళతో బయటకు లాగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"నిలువు గీత చక్కగా వచ్చినది" అన్నాడాయన. "దస్తూరీ బాగున్నది. రెండవ తరగతికి పంపవచ్చును."

ఆయన వెళ్ళిపోయాక తిప్పమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. హాజరు పట్టీలో తల్లి పేరు దగ్గర తన పేరు వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"నన్ను రెండో తరగతిలోనే బడి మాన్పిచ్చినారు వన్నూరన్నా. మా నాయన కూలికి తోలుకపాయె" అంది. "ఇదైనా నన్ను దాటి పోవాల."

నేను జేబులోంచి కొత్త గుడ్డముక్క తీసి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని పాదం కింద పెట్టి, కాలు ఆనించింది.